తుడవని అతుకు

ఫిట్టింగ్ పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, "మీరు చేసినవాటిలో గొప్ప పని ఏది సార్?" అని అడుగుతుంటారు. గొప్పలు చెప్పుకోవడానికి ఊళ్ళో చాలామంది ఉన్నారు. నేను చేసిన చెడ్డ పని ఒకటి చెబుతాను, వినండి. ఇందులో మెచ్చుకోవలసిన మనుషులు ఇద్దరున్నారు. ఆ ఇద్దరిలో నేను లేనని ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నిరాశ పడకండి.

అవి బళ్లారిలో గనులు జోరు మీదున్న రోజులు. ఇనుప ఖనిజం నింపుకున్న లారీలు పగలనక రాత్రనక ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోయేవి. రోడ్డు పక్కన వేపచెట్టుకు పచ్చ ఆకు ఉంటుందని మా పిల్లలకు చెబితే నమ్మేవాళ్ళు కాదు. పెరుగు కుండకు రెండు గుడ్డలు కట్టినా మీగడ ఎర్రగా తేలేది. తెల్లచొక్కా వేసుకుని బజారుకు పోయినవాడు గులాబీ చొక్కాతో తిరిగొచ్చేవాడు. మొదట్లో అందరం తిట్టుకున్నాం. తర్వాత అలవాటు పడ్డాం. ఆఖరికి ఆ దుమ్మును చూడడమే మానేశాం. నా తప్పంతా ఆ మానేయడంలోనే ఉంది.

నేను అంతకుముందు లారీల బాడీలు కట్టే షెడ్డులో పనిచేసి, తర్వాత పెల్లెట్ పొయ్యిలు అమ్మే అంగడిలో ఫిట్టర్‌గా చేరాను. వేరుశెనగ పొట్టు, చెరకు పిప్పి నొక్కి చేసిన వేలెడు గుళికలతో మండే పొయ్యి అది. మేము గంభీరంగా పెల్లెట్లు అనేవాళ్ళం, ఇళ్ళలో ఆడవాళ్ళు మాత్రం మేక పెంటికలు అనేవాళ్ళు. గనుల కోసం ఎక్కడెక్కడి జనమో వచ్చి పడ్డారు గనుక గ్యాస్ సిలిండర్ దొరకడం గగనమైంది. ఇంట్లోనే పదిమందికి వండి పెట్టే ఖానావళి ఆడవాళ్ళు మా పొయ్యిలకు ఎగబడ్డారు.

ఒక్క సంగతి తెలిస్తే మిగతా కథ అర్థమవుతుంది. మామూలు కట్టెల పొయ్యికి పెట్టే గొట్టంలో పొగ తనంతట తనే పైకి పోతుంది, అతుకు దగ్గర కాస్త సందున్నా పెద్దగా బయటికి రాదు. పెల్లెట్ పొయ్యిలో అట్లా కాదు. ఫ్యాన్ వెనక నుంచి తోస్తుంది. తోసినప్పుడు అతుకులో వెంట్రుకంత సందున్నా పొగ ఇంట్లోకే వస్తుంది. అందులోనూ మంట బాగా మండుతున్నప్పుడు వచ్చేది కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. తలనొప్పి తెస్తుంది, వాంతులు తెస్తుంది, ఎక్కువైతే మనిషినే తీసుకుపోతుంది. అందుకే ప్రతి అతుక్కూ వేడికి కరగని ఎర్ర గమ్ము పట్టించి, మూడు స్క్రూలు బిగించాలి.

గొట్టాల పని మా అంగడిలో ఒక ముసలాయనది. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు, నేనూ అట్లాగే అంటాను. బళ్లారి బజారులో తాతల నాటి రేకుల అంగడి ఆయనది. గరాటాలు, ధాన్యం కొలిచే మానికలు, ట్రంకు పెట్టెలు చేసేవాడు. ప్లాస్టిక్ వచ్చి ఆ అంగడిని మింగేస్తే మా దగ్గరికి పనికొచ్చాడు. నడుముకు మూడు గుడ్డలు వేలాడేవి. తడిది ఒకటి, పొడిది ఒకటి, స్పిరిట్‌లో ముంచింది ఒకటి. గమ్ము పెట్టే ముందు ప్రతి గొట్టం మూతినీ ఆ మూడింటితో వరసగా తుడిచేవాడు. ఎండ చంపేస్తున్నా, బస్సు పోతున్నా, యజమాని గేటు దగ్గర నిలబడి అరుస్తున్నా, మూడో గుడ్డ పూర్తి కాకుండా గమ్ము ట్యూబు చేతిలోకి తీసుకునేవాడు కాదు.

"ఏంది ఉస్తాద్, పెండ్లికూతురికి నలుగు పెడతాండావా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"పెండ్లికూతురికి నలుగు లేకపోయినా పెండ్లి అయితాది బేటా," అనేవాడు ఆయన తల ఎత్తకుండా. "దీనికి కాదు."

బిగించడం అయ్యాక ఇంకో తంతు ఉండేది. పొయ్యి వెలిగించకుండా, దాని గిన్నెలో రెండు నిప్పుకణికలు వేసి, వాటి మీద సాంబ్రాణి చల్లి, బయట గొట్టం మూతికి గుడ్డ అడ్డం పెట్టి ఫ్యాన్ వేసేవాడు. ఎక్కడ సందుంటే అక్కడ సాంబ్రాణి పొగ సన్నగా లేచేది, వాసన కొట్టేది. వాసన లేనిదానికి వాసన తెప్పించే ఉపాయం అది. ఏ కంపెనీ పుస్తకంలోనూ అది లేదు, ఆయన బుర్రలో పుట్టింది. పైగా ఇంటి ఆడమనిషిని పిలిచి, "మా ముక్కులు రేకు వాసనకు సచ్చినాయి తల్లీ, నువ్వొచ్చి చూడు," అనేవాడు. ఆవిడ వచ్చి అతుకు అతుకూ వాసన చూసి సరేనంటేనే సామాను సర్దేవాడు. ఆ పద్ధతి ఎంత గొప్పదో అప్పుడు నాకు తెలియలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

నాకేమో ఫినిషింగ్ పిచ్చి. గమ్ము పెట్టి తడివేలితో ఒక్క చుట్టు తిప్పానంటే అతుకు మీద ఎర్రటి అంచు గీత గీసినట్టు కుదిరేది. ఇళ్ళవాళ్ళు చూసి మురిసిపోయేవాళ్ళు, వాళ్ళకంటే నేను ఎక్కువ మురిసిపోయేవాణ్ణి. ఉస్తాద్ పని గట్టిదే కానీ చూడ్డానికి మొరటుగా ఉండేది. ఆయన కంటే నేనే మంచి పనివాణ్ణని లోపల్లోపల నాకు గట్టి నమ్మకం.

రంజాన్‌కు ఉస్తాద్ ఆదోనిలో ఉన్న కూతురింటికి పదిరోజులు పోయాడు. ఆ పదిరోజుల్లో నేనొక్కణ్ణే తొమ్మిది ఇళ్ళలో పొయ్యిలు బిగించాను. గొట్టాలన్నీ రోడ్డు పక్కన అంగడి ముందర దొంతి పెట్టి ఉండేవి. లారీల దుమ్ము వాటి మీద మొహానికి రాసుకునే పౌడర్ అంత మెత్తగా పట్టి ఉండేది. చేత్తో ఒక్కసారి తట్టి బిగించేశాను. గుడ్డలు తీయలేదు. దుమ్మూ ఎరుపే, గమ్మూ ఎరుపే, కళ్ళకు తేడా తెలియలేదు. సాంబ్రాణి అసలే వేయలేదు. యజమాని భుజం తట్టి, "ఉస్తాద్ ఉంటే నాలుగయ్యేటివి అప్పా, నువ్వు తొమ్మిది చేసినావు," అన్నాడు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

ఉస్తాద్ తిరిగొచ్చిన వారంలోనే మోక అనే ఊరి నుంచి ఫోను మొదలైంది. అక్కడ రోడ్డు పక్కన ఇంట్లోనే ఖానావళి నడిపే అక్క. భర్త చనిపోయాడు, ఇంట్లో ఆమె, అత్త, ఇద్దరే. నేను బిగించిన తొమ్మిదిలో ఆమెది రెండోది.

"యప్పా, మా అత్తకు రోజూ తలనొప్పి, వాంతులు," అంది. "బస్సెక్కిచ్చి బళ్లారి ఆస్పత్రికి తీసకపోతే, ఆడికి పోయ్యేసరికి బాగయి నవ్వుతా మాట్లాడతాది. డాక్టరు ఏం లేదంటాడు. ఇంటికొస్తే మళ్ళా అదే కత. నాలుగుసార్లు చూసినా నేను. పొయ్యి పెట్టినాకనే ఇట్లయితాండాది. ఒకసారి వచ్చి చూడప్పా."

బడికి పోని మనిషి. డాక్టర్లకు అంతుపట్టనిదాన్ని బస్సు రాకపోకలతో లెక్క కట్టి పట్టుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ తెలివికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం, "పొయ్యికేం సంబంధం అక్కా, ముసలోళ్ళకు అట్లే ఉంటాది," అని రెండుసార్లు ఫోను పెట్టేశాను.

మూడోసారి ఫోను ఉస్తాద్ చేతికి దొరికింది. ఆయన విన్నాడు, పెట్టాడు, గుడ్డలు నడుముకు కట్టుకున్నాడు. మేము బయలుదేరుతుంటే యజమాని వెనక నుంచి, "ఏమన్నా ఉంటే సర్వీసని చెప్పి సరిచేసి రాండి. తప్పయిందని మాత్రం నోరు జారొద్దండప్పా. ఒక ఇంట్లో అంటే జిల్లా అంతా అంటారు," అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. అప్పు చేసి అంగడి పెట్టినవాడి భయం అది.

మోకలో ఆ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. ముందర రేకుల పంచలో లారీ డ్రైవర్లు జొన్నరొట్టె, వంకాయ కూర తింటున్నారు. అక్క వడ్డిస్తోంది. లోపల వంటిల్లు, దాని పక్కన సన్నగోడ అవతల అక్క వాళ్ళ అత్త, ఆ ముసలవ్వ మంచం. దుమ్ము రాకుండా కిటికీలకు పాతచీర పేలికలు కూరి పెట్టారు, తలుపు సందులకు కూడా. గాలి పోవడానికి చీమ దూరేంత దారి లేదు. అక్క బయటికీ లోపలికీ తిరుగుతుంటుంది గనుక తట్టుకుంది. అవ్వ రోజంతా ఆ గదిలోనే.

మంచం పక్కన పళ్ళెంలో రొట్టె ముట్టుకోకుండా ఉంది. దాని పక్కన కాగితంలో బన్ను. అక్క మరిది అదే ఊళ్ళో వేరే కాపురం ఉంటాడు. అతను అక్కడే కూర్చుని ఉన్నాడు.

"మా వదిన ఏం కలిపి పెడతాందో ఏమో తెలీదప్పా," అన్నాడు మాతో, ఆమెకు వినబడేటట్టు. "అందుకే నేను హోటల్లో బన్ను, టీ తెచ్చిస్తాండా. నిన్నటి నుంచి మా అమ్మ ఈ ఇంటి ఊట ముట్టలేదు."

ఊట అంటే ఆ వైపు భోజనం. అక్క చేతిలో గరిటె పట్టుకుని అట్లాగే నిలబడి, తర్వాత బయటికి పోయి డ్రైవర్లకు కూర వేసింది.

ఉస్తాద్ మొదట పొయ్యి ఆర్పించాడు. అవ్వను మంచంతో సహా పంచలోకి మోయించాడు. మరిదిని కూడా బయటికి పంపి, లోపల మేమిద్దరమే మిగిలాక కణికల మీద సాంబ్రాణి వేసి ఫ్యాన్ వేశాడు. నేను నా అతుకుల వైపు చూస్తూ నిలబడ్డాను. అందమైన అంచులు. మొదటి అతుకు దగ్గర తెల్లటి పొగ దారంలాగా లేచింది. రెండో అతుకు దగ్గర లేచింది. మూడోది సరిగ్గా అవ్వ మంచం ఉండే గోడ పక్కన. అక్కడ దారం కాదు, పాయలాగా వచ్చింది.

ఉస్తాద్ గోటితో ఆ అంచును మీటాడు. నేను అంత ముచ్చటపడి పట్టించిన గమ్ము, చుట్టుకు చుట్టు, గాజు తీసినట్టు మొత్తం ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. లోపలి వైపు ఎక్కడా గొట్టానికి అంటుకున్న గుర్తు లేదు. ఎర్రదుమ్ము పొర మాత్రం ఉంది. నా గమ్ము రేకుకు కాదు, దుమ్ముకు అతుక్కుంది. పైన పటారం, లోన లొటారం అంటే అదే.

ఆయన బొటనవేలితో ఆ పొరను రుద్ది, ఎర్రబడిన వేలు నాకు చూపించాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇట్లాంటివి ఎన్ని ఇండ్లు?" అన్నాడు.

"తొమ్మిది."

 కళ్ళు మూసుకుంటే ఎనిమిది వంటిళ్ళు కనబడ్డాయి. వాటి కిటికీలకు కూరిన పేలికలు కనబడ్డాయి. ఉస్తాద్ ఇంకేమీ మాట్లాడకుండా మూడు గుడ్డలూ నా చేతికిచ్చాడు. ప్రతి అతుకూ విప్పి, తుడిచి, మళ్ళీ గమ్ము పట్టించాను. రేపటిదాకా వెలిగించకూడదు, ఆరాలి.

పని అయ్యాక ఉస్తాద్ బోరింగు దగ్గర చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. అప్పుడు అక్క వచ్చింది.

"పొయ్యిదే తొందరే కదప్పా?" అంది మెల్లగా. తొందరే అంటే ఆ వైపు ఇబ్బంది, తంటా అని. "నేను అనుకునిందే కదా?"

ఆమె మొహంలో ఎంత ఆశ ఉందో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఔనని ఒక్క మాట అంటే చాలు, ఆ ఇంట్లో ఆమె తలెత్తుకుని తిరగగలదు. పంచలోంచి మరిది ఇటే చూస్తున్నాడు. యజమాని మాట చెవిలో ఉంది. దానికంటే నిజం, నా పేరు పోతుందని భయం ఉంది.

"లేదక్కా," అన్నాను. "పొయ్యి బాగుండాది. ఇది సుమ్నే, ఊరికే చేసే సర్వీసు. అన్ని ఇండ్లకూ చేస్తాండాం."

"ఔనా," అంది.  "అయితే నా వంటలోనే ఏమన్నా ఉండాదేమో. నూనె మార్చి చూస్తా."

నిర్దోషి నోటితో తప్పు ఒప్పించాను. ఆ మాట ఇన్నేళ్ళ తర్వాత చెబుతుంటే కూడా సిగ్గేస్తోంది.

మర్నాడు పొద్దున్నే మిగతా ఎనిమిది ఇళ్ళకు బయలుదేరాం. మొదట సంగనకల్లు, దగ్గర గనుక. ఇంటామె తలుపు తీయగానే నేను నవ్వుమొహం పెట్టి, "సర్వీసు అక్కా, సుమ్నే ఒకసారి చూసి పోతాం," అన్నాను.

ఉస్తాద్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"ఈ మాట నీ నోట్లో కొత్తది కాదే. మోకలో కూడా ఇదే చెప్పినావా?"

నేను తలదించుకున్నాను. 

"సర్వీసని చెప్తే ఎవురూ కిటికీ తెరవరు," అన్నాడు. "తల నొస్తాంటే మాత్ర మింగుతారు, పొయ్యి ఆర్పరు. ఇప్పుడు సరి చేసినాం సరే, రేపు గమ్ము మళ్ళా ఊడితే? వాళ్ళకు ఏం చూసుకోవాల్నో తెలిసుండాల. దానికి నువ్వు ఏం చేసినావో చెప్పాల. నీ కోసరం కాదు, వాళ్ళ కోసరం. పో, చెప్పు."

నీతి గురించి ఒక్క ముక్క లేదు. పాపం, పుణ్యం, దేవుడు, ఏమీ లేవు. రేకుల పని చెప్పినట్టే చెప్పాడు. ఆయనను నేను నిజంగా మెచ్చుకోవడం ఆ గుమ్మం దగ్గర మొదలుపెట్టాను.

లోపలికి పోయి చెప్పాను. "అక్కా, నేను గొట్టం తుడవకుండా అతికించినా. పొగ ఇంట్లోకి వస్తాండాది. తప్పు నాది."  ఆమె ముందు అర్థం కాక చూసింది, తర్వాత పరుగెత్తి కిటికీలో పేలికలు పీకేసింది. "అందుకేనా నా కూతురు బడిలో నిద్రపోతాండాదని టీచరమ్మ కొడతాండేది!" అంది. అప్పుడు అర్థమైంది నాకు, ఉస్తాద్ చెప్పింది ఎంత నిజమో.

నాలుగు రోజుల్లో ఎనిమిది ఇళ్ళూ తిరిగాం. ప్రతి ఇంట్లో చెప్పేది నేను, పక్కన నిలబడేది ఆయన. ఒక్కచోట కూడా నా తరఫున మాట్లాడలేదు, నన్ను వదిలిపెట్టి పోనూ లేదు. దేశనూరులో ఒక ఇంటాయన నా కాలర్ పట్టుకుని గోడకు ఆనించాడు. పదిరోజులుగా వాళ్ళింట్లో అందరికీ తల తిరుగుతుంటే బావి నీళ్ళ వల్లేనని బావి తోడించాడట. ఉస్తాద్ అడ్డం రాలేదు. గోడ వారన నిలబడి, ఆయన కోపం కాస్త దిగాక, "కాలర్ వదిలినాక చెప్పండి సావుకార్, కిటికీలు యాడుండాయి?" అన్నాడు. ఆయనకు నవ్వు వచ్చింది, కాలర్ వదిలాడు. వాళ్ళ మజ్జిగ తాగే బయటికొచ్చాం.

ఈ సంగతి తెలిసి యజమాని ఎగిరిపడ్డాడు. "మీరిద్దరూ కలిసి నా అంగడి మూయిస్తారు!" అన్నాడు.

"అంగడి మూస్తే మళ్ళా తెరవచ్చు సావుకార్," అన్నాడు ఉస్తాద్, సాంబ్రాణి పొట్లం కట్టుకుంటూ. యజమాని ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు. అంగడి మూతపడలేదు కూడా, అది వేరే మాట.

ఇక మోక మిగిలింది. అక్కడ గొట్టం సరిగ్గానే ఉంది, ప్రమాదం లేదు. పోకపోయినా ఎవరూ అడగరు. ఐదోరోజు పొద్దున నేనే ఉస్తాద్‌ను, "మోకకు పోదామా?" అని అడిగాను.

"నేను రాను," అన్నాడు. "నేనొస్తే నా తెల్లగడ్డం చూసి నిన్ను సగం క్షమిస్తారు. ఆ యమ్మకు అది అన్యాయం." తర్వాత సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి ఇచ్చాడు. విప్పితే ఆ రోజు ఊడిన గమ్ము చుట్టు. "నీ మాట నమ్మకపోతే ఇది చూపించు."

మోకలో బస్సు దిగేసరికి ఆ ఇంటి ముందర ఒక జీపు ఆగి ఉంది. పంచలో ఇరుగుపొరుగు నలుగురైదుగురు, ఒక మూల తింటున్న డ్రైవర్లు ఇద్దరే. అంతకుముందు కూర్చోను చోటుండేది కాదు. అవ్వ మంచం మీద లేచి కూర్చుని ఉంది, పక్కన బట్టల మూట. మొహం తేటపడింది. మరిది ఆమెను తన ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాడు. నలుగురికీ వినబడేటట్టు చెబుతున్నాడు.

"చూడండప్పా, ఈ ఇంటి ఊట మాని నా బన్ను తిని వారం కాకముందే మా అమ్మ యట్ల లేచి కూసునిందో. ఇంగ వేరే సాక్షి ఏం కావాల?"

గొట్టం సరి చేసినందుకు అవ్వ కోలుకుంది. ఆ కోలుకోవడమే కోడలి మీద సాక్ష్యమైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ రోకలి పట్టుకున్న చెయ్యి నాది. నేను నిజం చెప్పి ఉంటే ఈ జీపు వచ్చేది కాదు. అక్క గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. ఏడ్చి అయిపోయిన మొహం.

"అక్కా," అన్నాను, "ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. తొందరే పొయ్యిదే. నేను గొట్టం తుడవకుండా అతికించినా."

గొణిగినట్టు వచ్చింది మాట. ఆమె నా వైపు ఒక్కక్షణం చూసింది.

"నాకు కాదప్పా చెప్పాల్సింది," అంది. "నాకు ముందే తెలుసు. వాళ్ళ దిక్కు తిరిగి చెప్పు. గట్టిగా."

తిరిగాను. గట్టిగా చెప్పాను. దుమ్ము గురించి, ఊడిన అతుకు గురించి, సరిగ్గా మంచం పక్క నుంచి వచ్చిన పొగ గురించి, వాసన లేని విషం గురించి చెప్పాను. బస్సెక్కితే అవ్వ ఎందుకు బాగయ్యేదో చెప్పాను. ఐదు రోజుల కిందట పొయ్యి సరి చేశాను, అందుకే ఇప్పుడు లేచి కూర్చుందన్నాను. ఈ సంగతి మొదట కనిపెట్టింది డాక్టర్లు కాదు, నేను కాదు, మీ కోడలేనని కూడా చెప్పాను. ఆమె అడిగితే కాదని నేను అబద్ధమాడానన్నాను.

మరిది నవ్వాడు. "మా వదిన చెప్పిచ్చిందా నీతో?"

పొట్లం విప్పి చూపించాను. అతను చూడలేదు. అవ్వ చెయ్యి చాపింది. చుట్టు తీసుకుని అటూ ఇటూ తిప్పింది, లోపలి వైపు బొటనవేలితో రుద్దింది. ఎర్రబడిన వేలును కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది.  మూలన డ్రైవర్లు తినడం ఆపారు.

అవ్వ ఆ చుట్టును నా చేతికిచ్చి, మూటను మంచం కిందికి తోసింది.

"ఏమే," అంది గుమ్మం వైపు తిరిగి. "పొద్దున ఉగ్గాని చేసినావా?"

"చేసినా అత్తా." 

"ఉంటే తే. నువ్వే పెట్టు. నా చెయ్యి వణుకుతాండాది."

అక్క లోపలికి పోయి పళ్ళెంలో బొరుగుల ఉగ్గాని తెచ్చింది. మంచం అంచున కూర్చుని కలిపి నోటికి అందించింది.  మరిది జీపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

అప్పుడు అక్క తల ఎత్తి నన్ను చూసింది.

"డ్రైవర్లకే కాదప్పా, దావన పోయ్యే పిచ్చోళ్ళకు కూడా ఈ ఇంట్లో ఊట పెడతాను నేను," అంది. "నీకు మాత్రం ఈ పొద్దు పెట్టలేను. పొయ్యి బాగుండాదని చెప్పిన నోరు అది. ఇంగో దినం రా, పెడతా."

కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. తనకు నూటికి నూరుపాళ్ళు న్యాయమైనదాన్ని అంత మర్యాదగా చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. సరేనక్కా అని దండం పెట్టి రోడ్డు మీదికి వచ్చాను. లారీలు పోతూనే ఉన్నాయి, దుమ్ము లేస్తూనే ఉంది. వెనక పంచలోంచి అవ్వ గొంతు వినబడింది.

"ఇంగొంచెం ఎయ్యే. అట్లే నిమ్మకాయ పిండు."